స్ప్లీన్‌లో చీముగడ్డ, విజయవాడ హాస్పిటల్, నా నాలుగు స్టార్లు

రివ్యూ రాయమని డిశ్చార్జి రోజే మెసేజ్ వచ్చింది లింకుతో సహా, అప్పుడు రాయలేదు. మా నాన్నకి స్ప్లీన్‌లో, అంటే ఎడమ పక్కటెముకల కింద ఉండే ప్లీహంలో, చీముగడ్డ వచ్చింది. ఈ జబ్బు తగ్గినట్టే తగ్గి మళ్ళీ తిరగబెడుతుందని డాక్టర్ గారు ముందే చెప్పారు కాబట్టి, ఏడాది గడిచి నాన్న మామూలుగా గట్ల మీద తిరుగుతుంటే అప్పుడు రాద్దాంలే అని ఆగా. ఇప్పుడు తిరుగుతున్నాడు, రాస్తున్నా. హాస్పిటల్ పేరు మాత్రం పెట్టట్లేదు, పొగడ్తతో పాటు కడుపుమంట కూడా ఉంది నాకు. విజయవాడలో ఓ పెద్ద ప్రైవేటు హాస్పిటల్ అనుకోండి చాలు. పార్కింగ్ బాలేదు, రిసెప్షన్లో అమ్మాయి సరిగ్గా మాట్లాడలేదు లాంటివి ఇప్పటికే బోలెడుమంది రాశారు, నేను రాసేది మా నాన్న కడుపులో ఉన్నదాన్ని ఎవరు ఎలా పట్టుకున్నారు అనే దాని గురించి.

మాది రేపల్లె వైపు పల్లెటూరు. ఇది 2024 ఆగస్టు సంగతి. నాన్నకి 56, షుగరొచ్చి తొమ్మిదేళ్ళు, బిళ్ళలు వేసుకుంటే వేసుకున్నట్టు లేకపోతే లేనట్టు. నాట్లు అయిన వారానికి జ్వరం మొదలైంది, పగలంతా బానే ఉండి సాయంత్రమయ్యేసరికి దుప్పట్లు కప్పినా ఆగని చలి. మా ఊరి ఆర్ఎంపీ రక్తం తీసి వైడాల్ చేయించాడు, టైఫాయిడ్ అన్నాడు. మా వైపు ఏ జ్వరమొచ్చినా వైడాల్ చేస్తే టైఫాయిడే వస్తది, ఎప్పుడో ముందు తగిలిన టైఫాయిడ్‌కి కూడా అది పాజిటివ్ చూపించొచ్చంట, ఈ విషయం మాకు తర్వాత తెలిసింది. అయిదు రోజులు సెలైను, సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్లు, మధ్యలో ఏదో స్టెరాయిడ్ కూడా పడింది అనుకుంటా ఎందుకంటే రెండ్రోజులు మనిషి దున్నపోతులా తిరిగాడు, మూడో రోజు షుగర్ 480, జ్వరం మళ్ళీ మొదలు.

అప్పటికే ఎడమ డొక్కలో నొప్పి అంటున్నాడు. దాంతోపాటు ఎడమ భుజం కూడా లాగుతోంది అంటే నారు మోసి పట్టేసింది అనుకుని అమ్మ రోజూ జండూబామ్ రుద్దింది పాపం. స్ప్లీన్ సరిగ్గా డయాఫ్రం, అంటే ఊపిరితిత్తుల కింద ఉండే కండరం పొర, దాని కింద ఆనుకుని ఉంటుంది కదా, అక్కడ మంటెక్కితే ఆ నరమూ భుజం చర్మం నరమూ మెడ దగ్గర ఒకే చోట కలుస్తాయి కాబట్టి నొప్పి భుజంలో తెలుస్తదని పెద్ద హాస్పిటల్లో చిన్న డాక్టరమ్మ చేత్తో బొమ్మ గీసి చూపించింది. అది వినేదాకా మా భుజం గొడవ ఎవరికీ పట్టలేదు, మేం చెప్పినా ఎవరూ రాసుకోలేదు.

మా నాయనమ్మ మాత్రం ఒకరోజు నాన్న పొట్ట ఎడం పక్క తడిమి చూసి "బల్లేమోరా, గట్టిగా తగుల్తోంది" అంది. పాత కాలం వాళ్ళు స్ప్లీన్ వాస్తే బల్ల అనేవాళ్ళు, మలేరియా రోజుల్లో ఎక్కువగా చూసేవాళ్ళంట. నవ్వి ఊరుకున్నాం. 82 ఏళ్ళావిడ చెయ్యి స్కానింగ్ కంటే పది రోజులు ముందు చెప్పింది.

తర్వాత టౌన్లో ఒక నర్సింగ్ హోమ్. అక్కడ గ్యాస్ అన్నారు, పాంటాప్ రాశారు. ఎక్స్‌రేలో ఎడమ ఊపిరితిత్తి అడుగున కొంచెం నీరు కనపడితే నిమోనియా కావచ్చు, టీబీ కూడా కావచ్చు అన్నారు. స్ప్లీన్లో చీము ఉంటే దాని పైన ఊపిరితిత్తి దగ్గర అలా నీరు చేరడం మామూలేనంట, ఆ నీటిని చూసినోళ్ళు దాని కింద ఏముందో చూడలేదు. చివరికి మా బావ గొడవపెడితే అల్ట్రాసౌండ్ తీశారు, రిపోర్టులో స్ప్లీన్ పెద్దదయింది, లోపల నల్లటి మచ్చ ఉంది, కాంట్రాస్ట్ సీటీ (రక్తంలోకి మందు ఎక్కించి తీసే స్కాన్) తీయించండి అని స్పష్టంగా రాసి ఉంది. ఆ కాయితం చూసి కూడా నర్సింగ్ హోమ్ డాక్టరు "రాళ్ళేం లేవు, భయం లేదు" అన్నాడు, గాల్‌బ్లాడర్ లైను ఒక్కటే చదివినట్టున్నాడు. ఆ రాత్రే అంబులెన్సు మాట్లాడి విజయవాడ తీసుకెళ్ళాం.

ఇక అసలు రివ్యూ.

క్యాజువాలిటీకి అయిదు స్టార్లు. రాత్రి పదకొండున్నరకి వెళ్తే డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టర్ గారు పాత కాయితాలన్నీ తిరగేసి, యాంటీబయాటిక్ ఎక్కించే ముందు రెండు చేతుల్నుంచీ విడివిడిగా రక్తం తీసి కల్చర్ సీసాల్లో పోయించారు. నర్సు "సార్ ముందు ఇంజెక్షన్ ఇచ్చేద్దామా, జ్వరం 103 ఉంది" అంటే "పది నిమిషాలాగండి, సీసాలు నిండనివ్వండి" అన్నారు. మందు పడ్డాక తీస్తే పురుగు పెరక్కపోవచ్చు, పెరక్కపోతే పేరు తెలీదు. అప్పుడు నాకు ఆ పది నిమిషాలు విసుగొచ్చింది, నిజం చెప్పాలంటే గొణిగాను కూడా.

తెల్లారి క్రియాటినిన్ (కిడ్నీల టెస్టు) చూసి సరిపోతుందని కాంట్రాస్ట్ సీటీ తీశారు. స్ప్లీన్లో 6 సెంటీమీటర్ల చీముగడ్డ ఒకటి, పక్కనే చిన్నవి రెండు, లివర్లో ఇంకో బుడ్డది. గుండెకి 2డీ ఎకో కూడా తీశారు, గుండెకెందుకు అని మేం వాదన పెట్టుకున్నాం, బిల్లు పెంచుతున్నారని. స్ప్లీన్లో చీము ఊరికే పుట్టదంట, చాలాసార్లు గుండె కవాటాలకి ఇన్ఫెక్షన్ పట్టి అక్కణ్ణుంచి ముక్కలు రక్తంలో కొట్టుకొచ్చి స్ప్లీన్లో ఇరుక్కుంటాయంట, అది చూడకుండా చీము ఒక్కటే తీస్తే మళ్ళీ వస్తదన్నారు. షుగర్, ఇమ్యూనిటీ తగ్గించే మందులు, సికిల్ సెల్, టైఫాయిడ్, టీబీ, దెబ్బలు, ఇలా దారులు చాలా ఉన్నాయంట. నాన్న ఎకో బానే వచ్చింది, మా వాదన మాత్రం తప్పయింది.

అది నిజంగా ఎలా ఉంటుందో పక్క బెడ్డులోనే చూశాం. ఒంగోలు వైపు నుంచి వచ్చిన కుర్రాడు, పాతికేళ్ళు కూడా ఉండవు, కవాటానికి ఇన్ఫెక్షన్, స్ప్లీన్లో గదులు గదులుగా చీము. ట్యూబు వేస్తే ఒక గది ఖాళీ అవుతది మిగతావి అలాగే ఉంటాయి కాబట్టి ఆపరేషన్ చేసి స్ప్లీన్ తీసేశారు. తర్వాత ప్లేట్‌లెట్లు 9 లక్షలకి పోయాయి, మాకేమో డెంగ్యూ అలవాటు కదా, ప్లేట్‌లెట్లు పెరిగితే సంతోషం అనుకున్నాం, వాళ్ళమ్మకి మేమే స్వీటు పెట్టబోయాం. పాత రక్తకణాల్ని, ప్లేట్‌లెట్లని స్ప్లీనే ఏరేస్తదంట, అది లేకపోతే అలా పెరుగుతాయి. అసలు భయం వేరే, స్ప్లీన్ లేని మనిషికి కొన్ని బ్యాక్టీరియాలు పడితే గంటల్లో ప్రాణం మీదకొస్తది. అందుకని రెండు వారాలు దాటాక న్యుమోకాకల్, మెనింగోకాకల్, హిబ్ టీకాలు వెయ్యాలని తేదీలేసి ఇచ్చారు, ఎప్పుడు జ్వరమొచ్చినా తెల్లారేదాకా ఆగొద్దని ఒక కార్డు కూడా రాసిచ్చారు. ఆ కార్డు వాళ్ళమ్మ పసుపుకుంకుమ డబ్బాలో పెట్టుకుంది.

మా నాన్నకి కూడా సర్జన్ గారు మొదట తీసేద్దాం అన్నారు. పొట్ట డాక్టర్ గారు, స్కానింగులో చూస్తూ ట్యూబులేసే రేడియాలజిస్టు గారు మాత్రం పెద్ద గడ్డ ఒకే గదిగా ఉంది, ముందు ట్యూబేసి చూద్దాం, తగ్గకపోతే ఆపరేషన్ ఎటూ ఉంది అన్నారు. ముగ్గురూ మా ముందే వాదించుకున్నారు, ఇది కొందరికి నచ్చదేమో, నాకు నచ్చింది. ఆపరేషన్‌కయితే బిల్లు ఎక్కువే అయ్యేది, అయినా వద్దనేవాళ్ళు ఆ బిల్డింగులోనే ఉన్నారు చూడండి, అది రాయాలి. లివర్లో చీము తీసినంత తేలిక కాదంట ఇది, స్ప్లీన్ మొత్తం రక్తంతో తడిసిన స్పాంజీ లాంటిది, సూది కొంచెం అటూఇటూ అయితే కారుతుంది, పైన ఊపిరితిత్తి పొర ఒకటి అడ్డం. అందుకే ముందు రక్తం గడ్డకట్టే టెస్టులు చేసి, రెండు యూనిట్ల రక్తం రెడీగా పెట్టమన్నారు. మా బావ, నేను బ్లడ్ బ్యాంకులో ఇచ్చొచ్చాం.

మత్తు ఆ చోటు వరకే ఇచ్చారు. అల్ట్రాసౌండ్‌లో చూసుకుంటూ, మంచి స్ప్లీన్ తక్కువ అడ్డమొచ్చే దారి వెతికి, పక్కటెముకల కింద నుంచి సన్నటి ట్యూబు వేశారు. లోపలికెళ్ళాక దాని కొస చుట్ట తిరుగుతది, ఊడిరాకుండా. పిగ్‌టెయిల్ అంటారు, అంటే పంది తోక. నాన్నకి చెప్తే "నా కడుపులో పంది తోకేంట్రా" అని మూడు వారాల్లో మొదటిసారి నవ్వాడు. చీము బాగా వచ్చింది, పసుపుగా కాదు, గోధుమరంగు, చిక్కగా. కొంత సీసాలో ల్యాబుకి పంపారు. రోజూ పొద్దున్నే నర్సు సెలైనుతో ట్యూబు కడిగి, సంచిలో ఎంత వచ్చిందో చార్టులో రాసేది, రాసి మాకూ చూపించేది. ఆ నర్సులకి కూడా అయిదు స్టార్లే, వాళ్ళకిచ్చే జీతాలకి అయిదు తక్కువే.

ఇక్కడిదాకా అయిపోయి ఉంటే ఈ రివ్యూ ఇంత పొడుగుండేది కాదు. చీము తీశాక కూడా జ్వరం తగ్గలేదు. నాలుగో రోజు సాయంత్రం కూడా 102. మేం డాక్టర్ల మీద అరిచాం, పెద్ద యాంటీబయాటిక్ అని రోజుకి అంత బిల్లేస్తున్నారు, మరి ఇదేంటి అని. రక్తం కల్చర్లో ఏమీ పెరగలేదు, ఊళ్ళో పడ్డ ఇంజెక్షన్ల వల్ల కూడా కావచ్చన్నారు. చీము కల్చర్లో మాత్రం ఏదో పెరిగింది, పేరు ఇంకా రాలేదు.

ఆ రోజు మధ్యాహ్నం వార్డుకి ఫోనొచ్చింది. మైక్రోబయాలజీ ల్యాబు నుంచి ఒక మేడమ్. నర్సు ఫోన్ నా చేతికిచ్చింది, "మీ నాన్నగారు ఏం పని చేస్తారు" అని అడిగారావిడ. వ్యవసాయం అన్నా. వరేనా, బురదలో దిగుతారా, కాళ్ళకి చెప్పులుంటాయా, షుగర్ ఎన్నాళ్ళ నుంచి, ఈ మధ్య కాలికి గాయం ఏమైనా అయిందా అని వరసగా అడిగారు. నాట్లప్పుడు మడమ పగిలి రక్తం వచ్చిన మాట గుర్తొచ్చి చెప్పా. "సరే, ఒక్కరోజు టైమివ్వండి, నాకొక అనుమానం ఉంది" అని పెట్టేశారు. మెషీన్ ఏదో ఇంకో పేరు చూపించిందంట, చాలా చోట్ల అయితే సూడోమోనాస్ జాతి అని రాసి పంపేస్తారంట. ఈవిడకి అనుమానం ఎందుకొచ్చిందంటే ఆ పురుగు జెంటామైసిన్‌కి లొంగట్లేదు, చివరి అస్త్రం అనే కొలిస్టిన్‌కీ లొంగట్లేదు, కానీ మామూలు అమాక్సిక్లావ్‌కి లొంగుతోంది. అంత పెద్ద మందుకి చావనిది చిన్న మందుకి చావడమేంటి అని ప్లేటు ఇంకో రోజు ఉంచి చూస్తే మీద ఎండి ముడతలు పడ్డట్టు పెరిగిందంట.

బర్ఖోల్డేరియా సూడోమల్లై. జబ్బు పేరు మెలియాయిడోసిస్. మట్టిలో, నీళ్ళలో ఉండే బ్యాక్టీరియా, వానాకాలంలో వరి బురదలోంచి కాలి పగుళ్ళ గుండా లోపలికి వెళ్తుంది, షుగరున్న రైతు అంటే దానికి పండగే. లివర్లో, స్ప్లీన్లో చిన్నచిన్న చీముగడ్డలు పెట్టడం దాని అలవాటంట. టైఫాయిడ్‌కని పడ్డ సెఫ్ట్రియాక్సోన్ దీన్ని సరిగ్గా పట్టదు. కొత్త జబ్బేం కాదు, 1910ల్లోనే రంగూన్‌లో విట్‌మోర్ అనే డాక్టరు కనిపెట్టాడు, ఆయన పేరుతో విట్‌మోర్ జబ్బని కూడా అంటారు. వందేళ్ళు దాటింది, ఆ పేరు మా టౌను వరకు ఇంకా రాలేదు అంతే.

మందు సెఫ్టాజిడిమ్‌కి మార్చారు, ఎనిమిది గంటలకోసారి. ఐడీ డాక్టర్ గారు, అంటే ఇన్ఫెక్షన్లు చూసే డాక్టర్, ఒకటే చెప్పారు, మందు కరెక్టే అయినా జ్వరం పోవడానికి వారం పది రోజులు పడుతుంది, మూడో రోజుకి పోలేదని గొడవ చెయ్యకండి అని. మా సంగతి అప్పటికే తెలిసింది ఆయనకి. ఎనిమిదో రోజు పోయింది. ట్యూబులో రోజుకి 10 ఎంఎల్ కూడా రాకపోయేసరికి మళ్ళీ స్కాన్ తీసి చూసి, పన్నెండో రోజు పంది తోక తీసేశారు. చిన్నవాటికి సూది పెట్టలేదు, మందులకే కరిగాయి. షుగర్‌కి ఇన్సులిన్ పెట్టారు, హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల షుగర్ లెక్క చెప్పే టెస్టు, 11.4 వచ్చింది, అది చూసి మా అమ్మ నాన్నని తిట్టిన తిట్లు వార్డంతా వింది.

ఇప్పుడు స్టారు ఎక్కడ కోశానో చెప్తా. డిశ్చార్జి. పొద్దున పదింటికి వెళ్ళొచ్చన్నారు, సాయంత్రం అయిదున్నరకి బయటపడ్డాం. ఫార్మసీ క్లియరెన్సు, ల్యాబు క్లియరెన్సు, వాడని మందులు తిరిగివ్వడానికి ఇంకో లైను. హెల్త్ కార్డు మీద ఏమైనా తగ్గుతుందా అంటే మూడు కౌంటర్లు తిప్పి ఆఖరికి మొదటి కౌంటర్‌కే పంపారు. బిల్లు 17 రోజులకి 3 లక్షల 80 వేలు, ఎకరం కౌలు డబ్బులు ఎటుపోయాయో తెలీలేదు. అది కూడా సరే అనుకుందాం. డిశ్చార్జి సమ్మరీలో ఏం రాశారంటే "యాంటీబయాటిక్స్ కంటిన్యూ చెయ్యండి". ఏ మందు, ఎంత, ఎన్నాళ్ళు, ఏమీ లేదు. లోపల అవయవాల్లో చీముగడ్డ ఉంటే సెఫ్టాజిడిమ్ మొత్తం నాలుగు వారాలు పడాలి, ఆ తర్వాత సెప్ట్రాన్ బిళ్ళలు మూడు నెలలు, అదీ ఎక్కువ మోతాదులో. ఇది ఐడీ డాక్టర్ గారు నోటితో చెప్పారు కాబట్టి నాకు గుర్తుంది, గుర్తులేని కొడుకయితే ఏమయ్యేది? ఇంటికెళ్ళాక ఎవరో ఆర్ఎంపీ "అన్ని బిళ్ళలెందుకు, వేడి చేస్తది" అని ఆపేసేవాడు. ఆపితే తిరగబెడుతుంది, దాని అసలు గుణమే అది. మళ్ళీ పైకెళ్ళి గంటన్నర కూర్చుని తేదీలతో సహా చేత్తో రాయించుకున్నా. చీము పురుగు పేరు కోసం అంత కష్టపడి, ఆ పేరు కూడా సమ్మరీలో స్పెల్లింగ్ తప్పు.

మిగతా ఇంజెక్షన్లు మా టౌన్లోనే ఒక చిన్న క్లినిక్‌లో చేయించుకున్నాం, పొద్దున ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పది, బావ బైకు మీద తిప్పాడు. సెప్ట్రాన్ మొదలుపెట్టాక మూడో వారంలో పొటాషియం 5.7 వచ్చింది, క్రియాటినిన్ కూడా కొంచెం పెరిగింది. ఫోన్లో చూపిస్తే డాక్టర్ గారు మోతాదు తగ్గించారు, కొబ్బరినీళ్ళు ఆపమన్నారు. మేమేమో జబ్బు మనిషి కదా అని రోజుకి రెండు బొండాలు తాగిస్తున్నాం, అందులోనే పొటాషియం ఎక్కువంట. కాబట్టి ఈ బిళ్ళలు వాడేవాళ్ళు మధ్యమధ్యలో రక్తం చూపించుకోండి, ఒంటి మీద దద్దుర్లొస్తే వెంటనే చెప్పండి, సొంతంగా ఆపొద్దు.

2025 సెప్టెంబర్‌లో గుంటూరు దగ్గర తురకపాలెంలో వరస మరణాలు, మెలియాయిడోసిస్ అనుమానం అని టీవీలో వచ్చినప్పుడు ఊళ్ళో సగం మంది మా ఇంటికొచ్చారు, నాన్నని చూడ్డానికి. కొందరు గుమ్మం దగ్గరే నిలబడ్డారు అంటుకుంటుందేమో అని. మనిషి నుంచి మనిషికి రావడం చాలా చాలా అరుదు, మట్టి, నీళ్ళ నుంచే వస్తది అని నేను అందరికీ చెప్పీచెప్పీ అలిసిపోయా. మోకాళ్ళ దాకా వచ్చే గమ్‌బూట్లు కొనిచ్చా నాన్నకి. "బూట్లేసుకుని బురదలో దిగితే కాలొస్తది గానీ బూటు రాదురా" అన్నాడు, నిజమే, ఒకటి ఊడి దమ్ములో ఇరుక్కుపోయింది, ఇద్దరం కలిసి లాగాం. ఇప్పుడు నాట్లకి కూలీలని పెట్టి తను గట్టు మీద నిలబడి అరుస్తున్నాడు. మరి ఆ కూలీల కాళ్ళ సంగతేంటి అంటే, నా దగ్గర సమాధానం లేదు, ఇంకో రెండు జతలు కొన్నా, ఎవరూ వేసుకోవట్లేదు.

స్కోరు అడిగితే క్యాజువాలిటీ, నర్సులు, ట్యూబేసిన సార్, ఐడీ సార్ అందరికీ కలిపి రెండు స్టార్లు, ల్యాబులో మేడమ్ ఒక్కావిడకి రెండు, డిశ్చార్జి కౌంటర్‌కి సున్నా. చివరి స్కాన్‌కి వెళ్ళినప్పుడు ఆవిడకి థ్యాంక్స్ చెబుదామని ఊరి నుంచి పూతరేకులు పట్టుకెళ్ళాం. ల్యాబు సెల్లార్లో ఉంది, పేషెంట్లు లోపలికి రాకూడదని బోర్డు. సెక్యూరిటీ అబ్బాయి డబ్బా తీసుకుని, "ఏ మేడమ్ సార్, పేరేంటి" అన్నాడు. రిపోర్టు తీసి చూపించా, కింద సంతకం ఉంది, ఒక గీత, దాని మీద ఇంకో గీత. నాన్న అద్దంలోంచి తొంగిచూసి "ఆవిడేనేమోరా" అన్నాడు, మాస్కేసుకుని మైక్రోస్కోపు మీద వంగి ఉన్నావిడని చూపిస్తూ. అయ్యుండొచ్చు. తలెత్తలేదు.